ఇల్లు కాలేటప్పుడు నుయ్యి

ఏటా ఫిబ్రవరి ఒకటిన కేంద్ర బడ్జెట్ వస్తుంది. మర్నాటి పత్రికల్లో రక్షణ శాఖ వాటా పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. 2025-26 సంవత్సరానికి ఆ అంకె 6,81,210 కోట్ల రూపాయలు. కేంద్రం పెట్టే ప్రతి రూపాయిలో పదమూడు పైసల పైచిలుకన్నమాట. ఆ అంకె చూడగానే రెండు గొంతులు లేస్తాయి. పక్కన చైనా ఉండగా ఇది ఏ మూలకని ఒకటి, బళ్ళూ ఆసుపత్రులూ ఇలా ఏడుస్తుంటే తుపాకులకు ఇంతా అని మరొకటి. వాదులాడుకుంటున్న ఈ ఇద్దరికీ ఒక్క విషయంలో మాత్రం పేచీ లేదు. ఆ డబ్బు ఈ ఏడు ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు తీసుకున్న నిర్ణయమని ఇద్దరూ నమ్ముతారు. నాకు తోచేది వేరు. ఆ పద్దులో ఈ ఏటి నిర్ణయం చాలా కొంచెం. మిగిలిందంతా పదేళ్ళ కిందటిదో, అరవై ఏళ్ళ కిందటిదో. ఆ పాత నిర్ణయాల్లో పెద్దవి చాలావరకు భయంలో తీసుకున్నవి.

ముందు ఆ రూపాయిని విడదీసి చూద్దాం. రేడియోలో కోట్లు చెవిన పడి జారిపోతాయి కాబట్టి పైసల్లో చెబుతాను. రక్షణ శాఖకిచ్చిన రూపాయిలో సుమారు 46 పైసలు త్రివిధ దళాల జీతభత్యాలకు, తిండికి, ఇంధనానికి, మందుగుండుకు, మరమ్మతులకు పోతాయి. దాదాపు 24 పైసలు పింఛన్లకు. కోట్లలో అది 1,60,795, అందుకునేవాళ్ళు 34 లక్షల మందికి పైనే. తీర రక్షక దళం, సరిహద్దు రోడ్ల సంస్థ వగైరాలకు 4 పైసలు. మిగిలిన 26 పైసలు, అంటే 1,80,000 కోట్లు, మూలధన వ్యయం. విమానాలు, ఓడలు, ఫిరంగులు ఇందులోంచే రావాలి. పోనీ, కొత్త ఆయుధాలకు 26 పైసలున్నాయి కదా అనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. అందులోనూ పెద్ద భాగం ఎప్పుడో చేసుకున్న ఒప్పందాల వాయిదాలు. 2016లో ఫ్రాన్సుతో 36 రఫేల్ విమానాలకు దాదాపు 59,000 కోట్ల మేర సంతకం చేశాం. ఆ బిల్లు ఒక్క ఏట తీరలేదు, తర్వాతి బడ్జెట్లు వరసగా మోశాయి. జీతం ఆపడానికి లేదు, పింఛను ఎగ్గొట్టడానికి లేదు, వాయిదా తప్పడానికి లేదు. ఒకటో తారీఖున జీతం అందుకుని ఇంటప్పు, చిట్టీ, కిరాణా బాకీ తీర్చేసరికి జేబులో ఏం మిగిలిందో తడుముకునే గుమాస్తాకూ రక్షణ మంత్రికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఇదెలా వచ్చిందో తెలియాలంటే స్వాతంత్ర్యానికి ముందు నుంచే చూడాలి. సైనిక వ్యయమంటే మన జాతీయ నాయకుల మొదటి తరానికి ఒళ్ళుమంట. అఫ్ఘానిస్తాన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన యుద్ధం ఖర్చు మన రైతు కట్టిన శిస్తులోంచి పోయింది. దాదాభాయి నౌరోజీ ఆ లెక్కలు బయటపెట్టి నిలదీశారు. 1897లో భారత ప్రభుత్వ ఖర్చులపై విచారించిన వెల్బీ కమిషన్ ముందు గోఖలే సాక్ష్యమిచ్చారు, తర్వాత శాసనమండలి బడ్జెట్ చర్చల్లోనూ అదే మాట పట్టుకున్నారు. ఆ వాదన వింటూ పెరిగినవాళ్ళే 1947 తర్వాత గద్దెనెక్కారు. ఆనకట్టలకూ ఉక్కు కర్మాగారాలకూ డబ్బు వెతుక్కుంటున్న రోజుల్లో సైన్యానికి జాతీయాదాయంలో రెండు శాతం, ఆ చుట్టుపక్కల సరిపెట్టడం వాళ్ళకు తప్పనిపించలేదు. నెహ్రూను అమాయకుడని తీసిపారేయడం ఇప్పుడు తేలిక. ఆ రెండు శాతం వెనక అరవై ఏళ్ళ వాదన ఉందని మరిచిపోతే తూకం తప్పుతుంది. అలాగని హెచ్చరికలు రాలేదనడానికీ వీల్లేదు. ఆక్సాయ్‌చిన్ మీదుగా చైనా వేసిన రోడ్డు 1957లో పూర్తయింది. 1959 ఆగస్టులో లాంగ్జూ దగ్గర, అక్టోబరులో కొంగ్కా కనుమ దగ్గర కాల్పులు జరిగాయి, మనవాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. పద్దు మాత్రం పెద్దగా కదల్లేదు.

1962 అక్టోబరులో చైనా దాడితో ఇల్లు అంటుకుంది. అప్పుడు మొదలుపెట్టాం నుయ్యి తవ్వడం. 1961-62లో 300 కోట్ల చుట్టుపక్కల ఉన్న రక్షణ వ్యయం 1963-64కల్లా 800 కోట్లు దాటింది. జాతీయాదాయంలో వాటా రెండు నుంచి నాలుగు శాతానికి చేరువైంది. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ కొత్త పన్నులు వేశారు, నిర్బంధ డిపాజిట్ పథకం తెచ్చారు, 14 క్యారెట్లు మించిన బంగారంతో కొత్త నగలు చేయరాదన్నారు. కంసాలి కుంపట్లు ఆరిపోయాయి. ఆడవాళ్ళు జాతీయ రక్షణ నిధికి చేతి గాజులు తీసిచ్చారు. ఇంతటి త్యాగంతో వచ్చిన డబ్బుతో ఏం కొన్నామన్నది నా వాదనకు ఆయువుపట్టు. భయపడిన దేశం బజారుకు పోతే యుద్ధవిమానం అప్పటికప్పుడు దొరకదు, ఓడ దొరకదు, ఫిరంగి దొరకదు. దొరికేది మనిషి. 1964లో మొదలైన ఐదేళ్ళ రక్షణ ప్రణాళిక సైన్యాన్ని 8,25,000 మందికి పెంచాలంది, పది పర్వత డివిజన్లు కావాలంది, వైమానిక దళానికి 45 స్క్వాడ్రన్లు ఉండాలంది. ఆ స్క్వాడ్రన్ల సంగతి చివర్లో మళ్ళీ చెబుతాను.

సిపాయి చేరిన రోజున చవక. పదిహేనేళ్ళ నౌకరీ నిండితే అతనికి పింఛను అర్హత వస్తుంది. ముప్ఫై అయిదుకో నలభైకో ఇంటికొచ్చేస్తాడు, ఎందుకంటే కొండలెక్కే పని యాభై ఏళ్ళవాడు చేసేది కాదు. 1963లో ఇరవై ఏళ్ళ వయసులో భర్తీ అయిన కుర్రవాడికి 2025లో ఎనభై రెండేళ్ళు. అతను ఉంటే అతనికి, లేకపోతే అతని భార్యకు, ఈ బడ్జెట్‌లోంచే నెలనెలా డబ్బు వెళ్తోంది. అందులో అన్యాయమేమీ లేదు, వెళ్ళి తీరాలి. చిక్కల్లా లెక్క రాసే పద్ధతిలో ఉంది. మన ప్రభుత్వానిది నగదు లెక్క. ఏ ఏట ఎంత చెల్లిస్తే ఆ ఏటి పద్దులో అంతే కనబడుతుంది. కాబట్టి 1963 పద్దులో ఆ కుర్రవాడి జీతమే ఉంది, అతని తర్వాతి అరవై ఏళ్ళు లేవు. మిగతా కేంద్ర ఉద్యోగులకు 2004 జనవరి నుంచి తమ జీతంలోంచి కొంత కట్టుకునే కొత్త పింఛను విధానం వచ్చింది. సైనికులను అందులోంచి మినహాయించారు, అదీ సబబే. ఆపైన 2015లో ఒకే హోదాకు ఒకే పింఛను ప్రకటించారు. అయినా పాత అలవాటు పోలేదు. 2013లో చైనా సరిహద్దు కోసం మంజూరు చేసిన పర్వత దాడి దళానికి అంచనా వ్యయం ఏడేళ్ళలో సుమారు 64,000 కోట్లు, కొత్త భర్తీ సుమారు 90,000 మంది. డబ్బు చాలక దాన్ని మధ్యలోనే కుదించాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. 1980లలో పెద్ద యుద్ధమేదీ జరగలేదు కదా, అయినా 1987 ప్రాంతంలో వాటా మళ్ళీ నాలుగు శాతాన్ని తాకింది కదా, మరి భయమే అంతటికీ కారణమని ఎలా అంటావు? న్యాయమైన ప్రశ్న. ఆ దశాబ్దం నా వాదనకు మినహాయింపే. అయితే ఆ మినహాయింపు చెప్పే కథ విని తీరాలి. ఆ డబ్బు ఎక్కువగా యంత్రాల్లోకి పోయింది. మిరాజ్-2000లు వచ్చాయి, మిగ్-29లు వచ్చాయి, విరాట్ విమానవాహక నౌక వచ్చింది. 1986 మార్చిలో 410 బోఫోర్స్ ఫిరంగులకు 1,437 కోట్ల ఒప్పందం కుదిరింది. తాహతుకు మించిన కొనుగోళ్ళే అవి. 1991లో విదేశీ మారకం అడుగంటి బంగారం కుదువపెట్టే దశ రావడంలో వాటి వంతు లేదనలేం. కానీ 1999 వేసవిలో కార్గిల్ కొండల మీద ఏం జరిగిందో చూడండి. శిఖరాల మీది బంకర్లను బద్దలు కొట్టినవి ఆ బోఫోర్స్ ఫిరంగులు, టైగర్ హిల్ మీద లేజర్ బాంబు వేసినవి ఆ మిరాజ్‌లు. యుద్ధం లేని రోజుల్లో కొన్న సరుకు పుష్కరం తర్వాత అక్కరకొచ్చింది.

కార్గిల్ తర్వాత ఏం చేశామో కూడా చూడాలి. 2000-01 బడ్జెట్‌లో రక్షణకు 58,587 కోట్లిచ్చారు. ఒక్క ఏట 13,000 కోట్లు, దాదాపు 28 శాతం పెంపు. డబ్బు వచ్చింది, సరుకు రాలేదు. ఆరు స్కార్పీన్ జలాంతర్గాములకు 2005లో సంతకమైతే ఆరోది నౌకాదళంలో చేరింది 2025 జనవరిలో. ఫిరంగుల కథ ఇంకా విచిత్రం. బోఫోర్స్ తర్వాత కొత్త పెద్ద ఫిరంగి మన సైన్యంలోకి వచ్చింది 2018 నవంబరులో, ముప్ఫై ఏళ్ళకు. ఆ ఆలస్యానికి మూలం డబ్బు కొరత కాదు. 1987 ఏప్రిల్‌లో బోఫోర్స్ ఒప్పందంలోని ముడుపుల సంగతి బయటపెట్టింది స్వీడన్ రేడియో. రేడియోలో మాట్లాడేవాడు ఈ మాట కొంచెం గర్వంగా చెప్పుకుంటే శ్రోతలు మన్నిస్తారనుకుంటాను. ఆరోపణల్లోని ముడుపులు 64 కోట్లు. ఆ కుంభకోణం దేశానికి పెట్టిన అసలు నష్టం మాత్రం ఆ తర్వాత ఫైలు మీద సంతకం పెట్టడానికి వణికిన చేతులు. సంతకం కాని ఏట డబ్బు మిగులుతుంది, మార్చి 31 దాటితే మురిగిపోతుంది, మురిగిపోయిన డబ్బు చూపించి ఆర్థిక శాఖ మరుసటి ఏడు బిగిస్తుంది. ద్రవ్యలోటు తగ్గించాల్సి వచ్చినా మొదట కత్తి పడేది మూలధనం మీదే. 2012-13లో ఏడాది మధ్యలో 10,000 కోట్లు కోసేశారు. 2024-25లో 1,72,000 కోట్లనుకున్న మూలధనం సవరించిన అంచనాలకొచ్చేసరికి 1,59,500 కోట్లయింది.

చిన్న వస్తువుల్లోనూ ఇదే వరస. 2020 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. ఎత్తైన మంచు ప్రాంతాల్లో ఉండే జవాన్లకు చలి దుస్తులు, మంచు కళ్ళద్దాలు కొరవడ్డాయని అందులో రాసి ఉంది. నాలుగు నెలలకు, జూన్ 15న, గల్వాన్ లోయలో ఇరవై మంది మనవాళ్ళు చనిపోయారు. లద్దాఖ్‌కు వేలాది సైన్యాన్ని తరలించి, చలికాలం ముంచుకొస్తుంటే అమెరికా నుంచి దుస్తులు హడావిడిగా తెప్పించుకున్నాం. కళ్ళద్దాలకు ఎన్ని కోట్లవుతాయి చెప్పండి?

మూడు శాతం ఇవ్వండి, అన్నీ సర్దుకుంటాయి అని కొందరి వాదన. పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ మూడు శాతం మాట పదేపదే చెప్పింది. 2025-26లో ఇచ్చింది స్థూల దేశీయోత్పత్తిలో 1.9 శాతం చుట్టూ ఉంది కాబట్టి మనది చైనా యుద్ధానికి ముందు నాటి దుస్థితే అని కూడా అంటారు. ఈ పోలికలో మెలిక ఉంది. శాతం తగ్గింది, ఆదాయం పెరిగింది. 2013-14లో 2,53,000 కోట్ల ప్రాంతంలో ఉన్న మొత్తం రక్షణ పద్దు పన్నెండేళ్ళలో రెండున్నర రెట్లు దాటింది. ధరల పెరుగుదల తీసేసినా పెంపు పెంపే. మనం ఒక్కళ్ళమే పెరిగామా, చైనా పెరగలేదా అంటారు. పెరిగింది. స్టాక్‌హోమ్‌లోని సిప్రీ సంస్థ లెక్కలో 2024లో చైనా 31,400 కోట్ల డాలర్లు, మనం 8,610 కోట్ల డాలర్లు, పాకిస్తాన్ 1,020 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాయి. పారామిలిటరీ బలగాలను కూడా కలుపుతుంది కాబట్టి సిప్రీ లెక్కలో మన వాటా 2.3 శాతం. అదే లెక్కలో చైనా వాటా 1.7, పాకిస్తాన్ వాటా 2.7. అందరికన్నా తక్కువ శాతం పెడుతున్నవాడు మనకు మూడున్నర రెట్లు పెడుతున్నాడు, అందరికన్నా ఎక్కువ శాతం పెడుతున్నవాడు మనలో ఎనిమిదో వంతు పెడుతున్నాడు. తక్కువ శాతంతో ఎక్కువ డబ్బు రావడమంటే అది కర్మాగారాల చలవ. పైగా ఇప్పుడున్న వరసలోనే మూడు శాతం పోస్తే కొత్త డబ్బు కూడా పాత కాలవల్లోకే పారుతుంది. 2018లో సైన్యం ఉప ప్రధానాధికారి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ పార్లమెంటరీ సంఘానికి చెప్పిన లెక్క ప్రకారం సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం కాలం చెల్లిన తరానిది. అప్పటికే మనం ప్రపంచంలో ఎక్కువ ఖర్చు పెట్టే మొదటి ఐదు దేశాల వరసలో ఉన్నాం.

రెండో గొంతుకు జవాబు చిన్నది. తుపాకికి పెట్టిన రూపాయి బడికి రాదన్నది అక్షరాలా నిజం. కాకపోతే కేంద్ర బడ్జెట్ ఒక్కటే ముందు పెట్టుకుని పోల్చడం న్యాయం కాదు. బడి, ఆసుపత్రి ఖర్చులో సింహభాగం హైదరాబాదులో, అమరావతిలో, ఇతర రాష్ట్ర రాజధానుల్లో తయారయ్యే బడ్జెట్లలో ఉంటుంది. రక్షణ ఖర్చు ఆ బడ్జెట్లలో ఉండదు. రెండింటినీ ఒకే తక్కెడలో వేయాలంటే కేంద్రం, రాష్ట్రాలు కలిపి లెక్కించాలి. అప్పుడూ ఆ ప్రశ్న మిగులుతుంది గానీ, ఇంత భయంకరంగా కనబడదు.

పింఛన్ల గురించి ఇంత మాట్లాడితే, ప్రాణాలొడ్డినవాడి కంచంలో లెక్కలు చూస్తున్నావా అని ఎవరైనా అడగొచ్చు. అతని కంచం జోలికి పోనక్కర్లేదు. లెక్క చూడాల్సింది కొత్త డివిజన్ మంజూరు చేసే బల్ల దగ్గర. ఒక సిపాయిని భర్తీ చేసుకున్న రోజే అతని యావజ్జీవ వ్యయం కాగితం మీద పెడితే, అదే డబ్బుకు డ్రోన్లు కావాలా, సొరంగ మార్గం కావాలా, మనిషే కావాలా అని సేనాధిపతులు నిజంగా ఎంచుకోగలుగుతారు. ఈ చిక్కుకు 2022 జూన్‌లో ప్రభుత్వం చెప్పిన జవాబు అగ్నిపథ్. నాలుగేళ్ళకు తీసుకుని, నూటికి పాతిక మందిని మాత్రమే ఉంచుకునే పథకం. పింఛను భారం తగ్గించడం దాని ఉద్దేశం కాదని అధికారులు అంటారు, వాళ్ళ మాట వాళ్ళది. లెక్కమట్టుకు చూస్తే, పాత పద్ధతిలో 2022లో చేరాల్సినవాడు పింఛనుకు వచ్చేది 2037 తర్వాత. అంటే ఈ పథకం వల్ల మిగులేదైనా ఉంటే అది కనబడేది అప్పుడు. నాలుగేళ్ళ సైనికుడితో దళం దిటవు నిలుస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఇప్పుడే కావాలి. అరవై ఏళ్ళ అలవాటును ఒక్క ఉత్తర్వుతో సరిచేయబోతే ఇలాగే ఉంటుంది: ఖర్చు ముందుకు, ఫలితం వెనక్కు.

ఇంతకన్నా తక్కువ ఆర్భాటంతో చేయదగ్గ పని ఒకటుంది. మూలధనం డబ్బు ఐదేళ్ళకు ఎంతో ముందే చెప్పడం, మార్చి 31కి మురిగిపోనివ్వకపోవడం. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పదిహేనో ఆర్థిక సంఘం సరిగ్గా ఇలాంటి మురిగిపోని నిధినే సిఫార్సు చేసింది. 2021 నుంచి 2026 వరకు దాని పరిమాణం 2,38,000 కోట్లుగా అంచనా కట్టింది. అది ఆ రూపంలో ఏర్పడలేదు. ఆర్థిక శాఖ అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ వ్యయానికి ఏటా పార్లమెంటు అనుమతి ఉండాలి, ఖర్చు కాని డబ్బును పక్కన కట్టిపెడితే ఆ అదుపు సడలుతుంది, అప్పు తెచ్చి మూలపెట్టుకున్నట్టవుతుంది. అయితే ఫ్రాన్స్ ఏం చేస్తుందో చూడండి. 2024 నుంచి 2030 దాకా సైన్యానికి 41,300 కోట్ల యూరోలని 2023లోనే చట్టం చేసుకుంది. ఏటా బడ్జెట్‌లో ఓటు మాత్రం మళ్ళీ తీసుకుంటుంది. పార్లమెంటు అధికారం చెక్కుచెదరలేదు. మనకూ ఐదేళ్ళ రక్షణ ప్రణాళికలు ఉండేవి. వాటిలో కొన్నిటికి ప్రభుత్వ ఆమోదమే దక్కకుండా కాలం తీరిపోయింది.

నిలకడైన డబ్బు ఏం చేస్తుందో చూడ్డానికి మనం పారిస్ దాకా పోనక్కర్లేదు. 1983లో హైదరాబాదు ప్రయోగశాల కేంద్రంగా అబ్దుల్ కలాం నాయకత్వంలో క్షిపణుల కార్యక్రమం మొదలైనప్పుడు మంజూరైన మొత్తం 388 కోట్లు. బోఫోర్స్ ఒప్పందంలో మూడో వంతు కూడా లేదు. తర్వాత ఖర్చు పెరిగింది, త్రిశూల్ ఫలించలేదు, ఆకాశ్ లాంఛనంగా సైన్యంలో చేరేసరికి 2015 వచ్చింది. ముప్ఫై రెండేళ్ళు. ఇది గొప్పగా చెప్పుకోదగ్గ వేగమేమీ కాదు. అయినా హైదరాబాదు భారత్ డైనమిక్స్‌లో తయారయ్యే ఆ ఆకాశ్‌నే పాకిస్తాన్‌తో 2025 మే నెల ఘర్షణలో వాడామని ప్రభుత్వం ప్రకటించింది. విశాఖపట్నంలో 2009 జులైలో జలప్రవేశం చేసిన అరిహంత్ అణు జలాంతర్గామి కూడా అలా దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా, ఎవరి కంటా పడకుండా పోసిన నీటికి కాసిన కాయే.

ఇక స్క్వాడ్రన్ల సంగతి. 1964లో 45 అనుకున్నాం. ఇప్పటి మంజూరు సంఖ్య 42. 2007లో 126 విమానాలకు టెండరు పిలిచి, ఎనిమిదేళ్ళు బేరమాడి, 2015లో ఆపేసి, చివరికి 36 కొన్నాం. 1983లో ఆమోదం పొందిన స్వదేశీ యుద్ధవిమానం తేజస్ మొదటిసారి ఎగిరింది 2001 జనవరిలో. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక స్క్వాడ్రన్లు 29కి దిగాయి. దానికి ఒక్క రోజు ముందు మరో 97 తేజస్‌లకు 62,370 కోట్ల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2021లో ఆర్డరిచ్చిన 83 తేజస్‌లు, అమెరికా ఇంజన్లు సకాలంలో రాక, అప్పటికింకా ఆలస్యమవుతూనే ఉన్నాయి. కొత్త 97 విమానాలు 2027-28 నుంచి ఆరేళ్ళలో అందాలి, వాటి వాయిదాలు 2033 ప్రాంతపు బడ్జెట్ల దాకా నడవాలి.